అడగనిదే అడుగెయ్యని అల్లుడు, అయిదు పెట్టలు

మా అల్లుడు ఎవరి సలహా అడక్కుండా ఏ పనీ చెయ్యడు. ఈ వాక్యంలో అతిశయోక్తి ఉందని మీకు అనిపిస్తే, మీరు అలంకారాలలో నాకున్న ప్రవేశాన్ని తక్కువగా అంచనా వేస్తున్నారన్నమాట. అతిశయోక్తి ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది అది కాదు. సెలూన్‌లో కూర్చుంటే "ఎంత కత్తిరించమంటారు?" అని కత్తెర పట్టుకున్నాయన అడగడం లోకమర్యాద. మా అల్లుడు ఆయన నోరు తెరవకముందే "ఎంత తీయిస్తే బాగుంటుందంటారు?" అని అడుగుతాడు. ఆయన చెప్పింది విని, వరసలో కూర్చున్నవాళ్ల అభిప్రాయం కూడా తీసుకుంటాడు. తాళంకప్ప కొనేటప్పుడు కొట్లో దొంగ ఎదురైతే, నాలుగు రకాలూ చూపించి "వీటిలో మీకు ఏది కష్టమండీ?" అని అడిగే రకం.

వృత్తి రీత్యా లిఫ్టులు బాగుచేస్తాడు. ఒకసారి ఏదో కార్యాలయంలో మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ నడుమ ఒక గుమాస్తా ఇరుక్కుపోయి, లోపల గోల పెడుతున్నాడట. మా అల్లుడు వెళ్లి తలుపు సందు దగ్గర నోరు పెట్టి సంభాషణ మొదలుపెట్టాడు.

"సార్, పైకి లాగమంటారా, కిందికి దించమంటారా?"

"బాబూ, నన్ను బయటికి తియ్యి, చాలు."

"తీస్తానండి. మీరు ఏ అంతస్తుకని ఎక్కారు?"

"నాలుగుకి."

"అయితే పైకే మంచిదంటారా?"

లోపలున్నాయన ఏడుపు ఆపి, కాసేపు ఆలోచించి, పైన తన అధికారి ఉన్నాడనీ, కింద టీ కొట్టు ఉందనీ, అన్నీ బేరీజు వేస్తే కిందికే మేలనీ తీర్పు చెప్పాడట. తరవాత ఇద్దరూ కలిసి టీ తాగారు. ఏ టీ తాగాలో కూడా ఆయన్నే అడిగి ఉంటాడని నా నమ్మకం.

ఇలాంటి మనిషికి నేను మనసులో పెట్టుకున్న పేరు 'ప్రశ్నార్థకం'. పైకి 'బాబూ' అనే పిలిచేవాణ్ని. కూతురు సంతోషంగా ఉన్నంతకాలం అల్లుడి విరామచిహ్నాలను మనం దిద్దకూడదు.

ఇక నా సంగతి. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు వ్యాకరణం చెప్పి రిటైరయ్యాక, నేనూ మా ఆవిడా కూతురి ఇంట్లో పెరటివైపు గదిలో చేరాం. చేరిన నెల్లాళ్లలో నాకు అర్థమైన విషయం ఒకటి ఉంది: సందేహాలున్న మనుషులంతా బడిలోనే ఉంటారు, బడి ప్రహరీ దాటితే అందరికీ అన్నీ తెలుసు. ఉదయం తొమ్మిదికి అలవాటుగా ఇస్త్రీ చొక్కా తొడుక్కునేవాణ్ని. ఎక్కడికీ వెళ్లేది లేక తొమ్మిదింపావుకు విప్పేవాణ్ని. పాలపాకెట్టు మీద అచ్చుతప్పులు వెతికితే మూడు దొరికాయి. కంపెనీకి సవివరంగా ఉత్తరం రాశాను. జవాబు రాలేదు కానీ తప్పులు నాలుగయ్యాయి. క్రమంగా ఇంట్లో నేను మాట్లాడే మాటలు రోజుకు ముప్పైకి పడిపోయాయి. వాటిలో సగం 'ఉప్పు ఇలా ఇవ్వండి', 'ఇప్పుడు టైమెంత' అనేవే.

అలాంటి ఒక సాయంత్రం అల్లుడు చేతిలో పానాతో నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"మామయ్యగారూ, పెరట్లో నాలుగైదు కోళ్లు పెంచుదామనుకుంటున్నాను. మీ సలహా ఏమిటి?"

కోడితో నా పరిచయం భోజనాల బల్ల దగ్గరిది, అదీ ఏకపక్షం. అయితే ఒకప్పుడు సైన్సు మాస్టారు సెలవు పెడితే ఆయన బదులు నేను కోళ్ల పెంపకం అనే పాఠం చెప్పవలసి వచ్చింది. ఆ పాఠంలోని సంధులన్నీ విడదీయించి, సమాసాలన్నీ గుర్తింపజేసి, గంట గడిపేశాను. పిల్లలకు కోళ్ల గురించి ఏమీ తెలియలేదు; నాకూ తెలియలేదు. ఆ అర్హతతోనే ఆ సాయంత్రం అల్లుడికి నలభై నిమిషాలు సలహా చెప్పాను. గూడు ఏ దిక్కుకు ఉండాలి, కోడికి క్రమశిక్షణ ఏ వయసులో మొదలుపెట్టాలి, గుడ్డుకూ గుణానికీ సంబంధమేమిటి, ఒకటని కాదు. అతను పానా చేత్తో పట్టుకుని నిలబడే విన్నాడు. మధ్యలో మూడుసార్లు "అవునా అండీ" అన్నాడు. ఆ పూట నేను రెండు గరిటెలు ఎక్కువ తిన్నానని మా ఆవిడ తరవాత చెప్పింది.

మా అమ్మాయి ఆసుపత్రిలో హెడ్ నర్సు. ఇరవై మంచాల వార్డును ఒక్క కనుబొమతో నడుపుతుంది. సంగతి ఆమె దాకా వెళ్లింది.

"కోళ్లా? వాటినెవరు చూస్తారు?"

"మామయ్యగారి సలహా ప్రకారం..." అని అల్లుడు మొదలుపెట్టాడు.

"నాన్న సలహా ప్రకారమే కిందటి నెల కుక్కర్ మూత బిగించాం. వంటింటి కప్పు మీద మరక ఇంకా పోలేదు."

"అది రబ్బరు లోపం" అన్నాను.

"నాన్నా, నువ్వు కోడిగుడ్డుకు ఈకలు పీకే మనిషివి. పీకడానికైనా ముందు గుడ్డుండాలి కదా." ఆమె వేలు పైకెత్తింది. వార్డులో ఆ వేలు లేస్తే రోగులు జ్వరం తగ్గించుకుంటారని విన్నాను. "మూడు నెలలు. సరిగ్గా మూడో నెల ఆఖరి రోజు సాయంత్రంలోగా పెరట్లో ఒక్క గుడ్డు కనపడాలి. లేదంటే కోళ్లను ఎవరికైనా ఇచ్చేస్తాం. ఆ తరవాత నాన్న ఈ ఇంట్లో ఎవరికీ, దేనికీ సలహా చెప్పకూడదు. వంటకీ, చదువుకీ, కుళాయికీ. ఒప్పుకుంటారా?"

"మూడు నెలలెందుకే, నెల చాలు" అంది మా ఆవిడ.

ఒప్పుకున్నాను. గొప్పగా ఒప్పుకున్నాను. కానీ గదిలోకి వచ్చి కూర్చున్నాక లెక్క వేసుకున్నాను. ఆటగాడికి కాలు విరిగితే పక్కన కూర్చుని ఆట చూడవచ్చు. మాస్టారికి మాట ఆగిపోతే చూడడానికి ఏముంటుంది? ఆ రోజు నుంచి నా గౌరవం, నా వాక్స్వాతంత్ర్యం, నా శేషజీవితం ఇంకా పుట్టని ఒక గుడ్డు మీద ఆధారపడ్డాయి.

గూడు నిర్మాణం వారం రోజులు సాగింది. అల్లుడు ఎక్కడో పాత లిఫ్టుకు ఊడదీసిన ఇనప మడత తలుపు తెచ్చి గూటికి బిగించాడు. అందువల్ల మా కోళ్లు చివరిదాకా లిఫ్టు ఎక్కుతున్నంత దర్జాగా లోపలికి వెళ్లి, ఎక్కడికీ చేరకుండా బయటికి వచ్చేవి. మేకు మేకుకూ అతను నా దగ్గరికి వచ్చేవాడు.

"మామయ్యగారూ, గుడ్డు పెట్టడానికి ఈ చెక్కపెట్టె ఎక్కడ పెట్టమంటారు? అవి ఎక్కి కూర్చోడానికి కర్ర ఎక్కడ కట్టమంటారు?"

"పెట్టె పైన. ఉత్తమమైన పనికి ఉన్నతమైన స్థానం. కర్ర కింద."

"అవునా అండీ. అలాగే చేస్తాను."

అలాగే చేశాడు. మర్నాడు పొద్దున చూస్తే కర్ర పైనా, పెట్టె కిందా ఉన్నాయి.

"కింద కర్ర వదులైపోయిందండీ. చెయ్యి అందిన చోట పైన బిగించాను. పెట్టెకు చోటు లేక కిందికి దించాను. తప్పంటారా?"

"నేను నిన్ననే అది చెప్పబోయాను" అన్నాను. చెప్పబోవడం వేరు, చెప్పడం వేరు. ఆ భేదాన్ని నేను ఆ మూడు నెలల్లో తెగ వాడుకున్నాను. నేల సిమెంటు చెయ్యమన్నాను. సిమెంటు బస్తా తడిసిపోయి మట్టినేలే మిగిలింది. కిటికీ వద్దన్నాను, చెక్క చాలక కిటికీ మిగిలింది. మా అల్లుడి చేతిలో నా సలహాలకు ఇన్ని ప్రమాదాలు జరుగుతున్నా, గూడు మాత్రం నానాటికీ బాగుపడుతోంది. అందులో నాకు వింతేమీ కనపడలేదు. సలహా మంచిదైతే ప్రమాదం కూడా కలిసివస్తుందని సూత్రీకరించుకున్నాను.

నాలుగు నెలల వయసున్న పెట్టలు అయిదు వచ్చాయి, గోధుమరంగువి. నామకరణ బాధ్యత నాది. ప్రథమ, ద్వితీయ, తృతీయ, చతుర్థి, పంచమి అని విభక్తుల వరసలో పెట్టాను.

"మరి షష్ఠి ఏది తాతా?" అంది రెండో తరగతి చదివే మనవరాలు.

"షష్ఠి ఇంకా రాలేదు."

"రాకపోతే వాక్యం ఎలా?"

ఆ పిల్ల ఎవరి పోలికో వేరే చెప్పనక్కర్లేదు.

వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం ఇంట్లో నేనొక్కణ్నే మెలకువగా ఉన్నాను. కిటికీలోంచి చూస్తే చతుర్థి నేల మీద పక్కకు పడి, కళ్లు మూసుకుని, రెక్కలు కొట్టుకుంటూ, కాళ్లు తన్నుకుంటోంది. క్షణంలో ద్వితీయ కూడా పడింది. మూర్ఛ, పైగా అంటువ్యాధి అని నిర్ధారించాను. ప్రథమచికిత్స తెలిసినవాడిలా బకెట్ నీళ్లు తెచ్చి రెండింటి మీదా గుమ్మరించాను. అవి లేచి, ఒళ్లు దులుపుకుని, నావైపు చూసిన చూపు, పరీక్షలో పాఠం బయటి ప్రశ్న ఇచ్చినప్పుడు మా పిల్లలు చూసే చూపు. కోళ్ల కేకలకు మా ఆవిడ లేచి వచ్చింది.

"మట్టిలో పొర్లితే ఒంటిమీద పేలు పోతాయని అలా చేస్తాయి. స్నానమండీ అది."

"నీకెలా తెలుసు?"

"పక్షులను చూస్తూ పెరిగాను. మీరు పుస్తకాలను చూస్తూ పెరిగారు."

సాయంత్రం అల్లుడు బురదైన చోటును చూశాడు. ముఖంలో ఒక్క గీత కూడా కదలలేదు. "మామయ్యగారూ, ఇక్కడ కాస్త తడి ఎక్కువైనట్టుంది. పొడి మట్టిలో బూడిద కలిపి ఈ మూల పోస్తే ఎలా ఉంటుందంటారు?" అన్నాడు. బూడిద శ్రేష్ఠమన్నాను. పాళ్లు కూడా చెప్పాను. ఎక్కడి నుంచి వచ్చాయో నాకే తెలియదు.

నెలలు రెండు గడిచాయి. మూడోది సగమైంది. కోళ్లు తిన్నాయి, పెరిగాయి, నిగనిగలాడాయి. గుడ్డు మాత్రం లేదు.

"మామయ్యగారూ, పంచమి తురాయి బాగా ఎర్రబడింది. దేనికంటారు?"

"ఎండ" అన్నాను.

"అవునా అండీ."

అప్పుడే మనవరాలి పుస్తకంలో ఒక వాక్యం నా కంటపడింది: కోళ్లు సాధారణంగా ఉదయం పూట గుడ్లు పెడతాయి. చాలా ఆలస్యంగా నాకు మా వృత్తి రహస్యం గుర్తొచ్చింది. ముప్పై నాలుగేళ్ల అనుభవంలో నేను చూసింది ఏమిటి? పిల్లలకు రాకపోవడం ఉండదు. ఎవరూ చూడనప్పుడు రాయకపోవడమే ఉంటుంది. ఎదురుగా పర్యవేక్షకుడు కూర్చుంటే ఎంతటి మొద్దయినా ఏదో ఒకటి రాసి పడేస్తాడు. మర్నాటి నుంచి తొమ్మిదికల్లా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చెక్కపెట్టెకు గజం దూరంలో కుర్చీ వేసుకుని, పన్నెండు దాకా రెప్పవాల్చకుండా కూర్చునేవాణ్ని. పావుగంటకోసారి లేచి అటూ ఇటూ నడిచేవాణ్ని. "ఇంకా రెండు గంటలే సమయం ఉంది" అని అప్పుడప్పుడు ప్రకటించేవాణ్ని.

ప్రథమ పెట్టెలోకి వెళ్లేది, గడ్డిలో ఒకసారి చుట్టూ తిరిగేది, కూర్చోబోతూ తల పైకెత్తి నన్ను చూసేది. ఏదో పని గుర్తొచ్చినట్టు బయటికి వచ్చేసేది. తరవాత తృతీయ. తరవాత పంచమి. ఒకరి వెంట ఒకరు, మంచినీళ్లకని బయటికి వెళ్లే పిల్లల్లాగా.

ఆ రోజుల్లోనే మా అల్లుడికి సలహాల జబ్బు ముదిరింది. సరిగ్గా తొమ్మిదికే, పనికి బయలుదేరబోతూ వచ్చేవాడు.

"మామయ్యగారూ, వీధి కుళాయి కారుతోంది. ఒకసారి వచ్చి చూసి, ఏం చెయ్యాలో చెబుతారా?"

"పరీక్ష నడుస్తుండగా పర్యవేక్షకుడు హాలు వదలకూడదు బాబూ."

"మీరు లేకపోతే వాటికి భయం ఉండదంటారా?"

"ఉండదు."

"అలాగేనండి."

మర్నాడు గోడగడియారం ఏ మేకుకు తగిలించాలి అన్నాడు. ఆ మర్నాడు ఇంటి యజమానికి రాసే ఉత్తరంలో 'విన్నపం' అనాలా 'మనవి' అనాలా అన్నాడు. ఇది మాత్రం నన్ను చాలా బాధపెట్టిన ప్రలోభం. ఈ రెండు మాటల తారతమ్యం మీద నేను గంటన్నర మాట్లాడగలను. పళ్లు బిగబట్టి కూర్చున్నాను. రోజుకొకటి చొప్పున రెండు వారాలు అడిగాడు. విసిగిపోయి మా ఆవిడతో "ఈ మనిషి కుర్చీలో నన్ను ప్రశాంతంగా కూర్చోనివ్వడే" అన్నాను. ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. దగ్గనుకున్నాను.

గడువు రోజు రానే వచ్చింది. మా అమ్మాయికి ఆ రోజు సెలవు. పొద్దున టీ తాగుతూ, "సాయంత్రం దాకా టైముంది నాన్నా" అంది. జాలి ఉందేమోనని వెతికాను, కనపడలేదు. తొమ్మిదికి కుర్చీ దగ్గరికి వెళ్తుంటే అల్లుడు ఎదురొచ్చాడు. అతనూ సెలవు పెట్టాడు.

"మామయ్యగారూ, గుడ్డు పెంకుకు నత్తగుల్లల పొడి మంచిదంటున్నారు. దాణా కొట్లో రెండు రకాలున్నాయట. ఏది మంచిదో నాకేం తెలుస్తుంది? మీరొక్కసారి చూసి తెస్తే..."

ఆఖరి రోజున గుల్లల పొడి తెచ్చి ఏం లాభం అనబోయాను. అంతలో బుర్రలో ఒక దుర్బుద్ధి మెరిసింది. దాణా కొట్లో గుడ్లు కూడా అమ్ముతారు. ఒప్పుకుంటున్నాను: కాపీ కొట్టాడని ఎందరు పిల్లలను బెంచీ ఎక్కించానో లెక్కలేదు, ఆ పొద్దున నేను చెయ్యబోయింది అచ్చంగా అదే. కుర్చీ వదిలి సంచీ పట్టుకుని బయలుదేరాను.

దాణా కొట్టాయన కనుబొమల మీద తవుడు పేరుకుని, వయసుకు మించి తెల్లగా కనపడతాడు. పొడి పొట్లం తీసుకున్నాక, గొంతు తగ్గించి, "ఒక గుడ్డు కూడా ఇవ్వండి. గోధుమరంగుది" అన్నాను.

"ఒకటేనా? దేనికండీ?"

"పరిశోధనకు."

"మీరు లిఫ్టుల అబ్బాయి మామగారు కదూ? ఇంట్లో అయిదు పెట్టలుండగా గుడ్డు కొంటున్నారేమిటండీ?"

వాటికి పర్యవేక్షణ జరుగుతోందన్నాను. పర్యవేక్షణంటే ఏమిటన్నాడు. కుర్చీ, గజం దూరం, తొమ్మిది నుంచి పన్నెండు, అన్నీ వివరించాను. ఆయన తక్కెడలో పోస్తున్న నూకలు ఆపాడు.

"ఎదురుగా మనిషి గుడ్లప్పగించి కూర్చుంటే అదెలా పెడుతుందండీ? దానికి చీకటి మూల కావాలి, ఎవరూ చూడకుండా ఉండాలి. అంతెందుకు, మీరైతే పెడతారా?"

సమస్యను నేను ఆ కోణం నుంచి పరిశీలించలేదు.

"మీ అల్లుడు చెప్పలేదా?" అన్నాడాయన. "ఆయనకు తెలియందేముంది? లిఫ్టుల పనిలోకి రాకముందు ఆరేళ్లు మా బావగారి కోళ్లఫారంలోనే కదా ఉన్నాడు. మూడు వేల కోళ్లు. దగ్గు విని ఏ వరసలో ఏ కోడికి జబ్బో చెప్పేవాడు."

"ఎవరు?"

"మీ అల్లుడండీ."

"అతను నన్ను అడుగుతాడే. మేకు మేకుకూ అడుగుతాడే."

"నన్నూ అడుగుతాడండీ." ఆయన తవుడు చేతులు దులుపుకున్నాడు. "మొన్న వాళ్ల పాప నిద్రలో పళ్లు కొరుకుతోంది, ఏం చెయ్యమంటారని అడిగాడు. నేను దాణా అమ్మేవాణ్ని. మా ఆవిడ పోయాక బస్తా ఎంత అని తప్ప నన్నెవరూ ఇంకో మాట అడగలేదు. ఆ రోజు కొట్టు కట్టేశాక కూర్చుని చాలాసేపు ఆలోచించాను."

"ఏం చెప్పారు?"

"వాళ్లావిణ్నే అడగమన్నానండీ. ఆవిడ నర్సు కదా."

గుడ్డు చొక్కా జేబులో, పొడి సంచీలో పెట్టుకుని ఇంటికి నడిచాను. దారి పొడుగునా పెట్టె పైనా, కర్ర కిందా, బూడిద పాళ్లూ, ఎండకు ఎర్రబడిన తురాయీ ఒక్కొక్కటే ఎదురొచ్చి నమస్కారం పెట్టాయి. చెవులు కాలుతున్నాయి. ఎండ వల్ల కాదు.

ఇంటికి చేరేసరికి పెరట్లో ఒక కోడి లోకానికంతటికీ వినపడేలా అరుస్తోంది. తలుపు సందులోంచి చూశాను. నా కుర్చీ మడిచి గోడకు ఆనించి ఉంది. మా అల్లుడు పంచమిని చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో దాని రెక్క విప్పి చూసి, రెండు వేళ్లతో పొట్ట కింద ఎముకలు తడిమి, కాలి గోరు పరీక్షిస్తున్నాడు. అంతా రెండు క్షణాల పని. కోడికి తననెవరో పట్టుకున్నారన్న ధ్యాసే లేదు. అలాంటి చేతులను చూస్తూ ఎంతసేపైనా నిలబడవచ్చు. నా చెప్పు చప్పుడైంది. ఇటు తిరిగి నన్ను చూశాడు. అంతే, ఆ చేతులకు ఉన్నట్టుండి ఏమీ రాకుండా పోయింది. పంచమిని తలకిందులుగా పట్టుకుని నిలబడ్డాడు.

"మామయ్యగారూ, పెట్టెలో గుడ్డులాంటిదేదో ఉందండీ. ఏమై ఉంటుందంటారు?"

మా అమ్మాయి, మా ఆవిడ కూడా వచ్చారు. నేను వంగి పెట్టెలోకి చూశాను. గడ్డిలో చిన్న గుడ్డు, గోధుమరంగుది, ఒక చివర ఎర్రటి చుక్క. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. అంత వెచ్చటి జవాబు నాకు ఏ జవాబుపత్రంలోనూ దొరకలేదు. ఇంకా వంగాను. ఛాతీ దగ్గర లిఫ్టు తలుపు అంచు తగిలి, టప్పుమంది.

"నాన్నా," అంది మా అమ్మాయి నిదానంగా, "జేబులోంచి కారుతున్నదేమిటి?"

చొక్కా మీద పచ్చసొన నెమ్మదిగా బొత్తాం దాటి కిందికి దిగుతోంది.

"నేనే తెమ్మన్నాను" అన్నాడు అల్లుడు. "మన గుడ్డు పెట్టగానే బజారు గుడ్డు పక్కన పెట్టి, ఏది లావో చూడాలని మామయ్యగారి సలహా. ఇవాళ పెట్టి తీరుతుందని ముందే చెప్పారు."

మా అమ్మాయి అతన్ని చూసింది, నన్ను చూసింది, నా జేబు చూసింది. పెదవి చివర ఏదో కదిలింది కానీ, హెడ్ నర్సులు డ్యూటీలో నవ్వరు. "సరే. నెగ్గావు నాన్నా. ఈ ఇంట్లో ఎవరికేం చెప్పుకోవాలనుకున్నా చెప్పుకో" అని గుడ్డు తీసుకుని లోపలికి వెళ్లింది.

మా ఆవిడ తడిగుడ్డతో నా చొక్కా తుడిచింది.

"ఆరేళ్లు కోళ్లఫారంలో చేశాడట, నీకు తెలుసా?" అని గొణిగాను.

"తెలియకేం? పెళ్లికి ముందు తన గురించి రాసి పంపిన ఉత్తరంలోనే ఉందిగా. నేను చదివాను. మీరు దిద్దారు."

నిజమే. ఎర్రసిరాతో పదకొండు తప్పులు దిద్ది, అడుగున నలభై ఆరు మార్కులు వేశాను. విషయం ఏమిటో చూడలేదు.

"అయితే ఇంట్లో అందరికీ తెలుసా?"

"మీకు తప్ప. మీరు ఇక్కడికొచ్చి నోరు మూసుకుని కూర్చున్న రోజుల్లో, 'అత్తయ్యగారూ, మామయ్యగారికి ఏమంటే ఇష్టం?' అని అడిగాడు. చెప్పడం ఇష్టం అన్నాను. ఏం చెప్పడం అన్నాడు. ఏదైనా సరే అన్నాను. వారం తిరక్కుండా కోళ్ల మాట ఎత్తాడు." ఆమె గుడ్డ పిండింది. "చొక్కా విప్పండి. ఎండితే పోదు."

ఆమె వెళ్లాక పెరట్లో నేనూ, అల్లుడూ మిగిలాం. అతను పంచమిని సరిగ్గా తిప్పి పట్టుకుని కిందికి దించాడు. ఇంకా నటిస్తూనే ఉన్నాడు, పాపం.

"మామయ్యగారూ, రెండో గుడ్డు ఎప్పుడు పెడుతుందంటారు?"

నోరు అలవాటుగా తెరుచుకుంది. ఎల్లుండి ఉదయం పది గంటలకు అని చెప్పడానికి సిద్ధంగా ఉంది కూడా. మూసుకున్నాను. ఇంత కష్టపడి గెలిచిన హక్కును గెలిచిన పావుగంటకే వదులుకోవడం ఎంత కఠినమో మాటకారులకు మాత్రమే తెలుస్తుంది.

"నువ్వు చెప్పు బాబూ. నువ్వేమంటావు?"

అతను వెనక్కి తిరిగి, ఎవరిని అడుగుతున్నానా అని చూశాడు. వెనక చతుర్థి తప్ప ఎవరూ లేరు.

"నేనా అండీ?"

"నువ్వే."

"అది... అత్తయ్యగారిని అడిగి చెబుతానండీ."

"అత్తయ్యకు తెలియదు. నాకు అసలే తెలియదు. తెలిసినవాడివి నువ్వు. కూర్చో."

గూటి గట్టు మీద ఒక అంచున కూర్చున్నాడు. మెడ వెనక గోక్కున్నాడు. అతని ముఖం అంత ఎర్రబడడం పెళ్లిలో కూడా చూడలేదు.

"మీరేమీ అనుకోనంటే..."

"అనుకోను."

"తొలి గుడ్డు పెట్టాక ఒక్కోసారి రోజు విడిచి రోజు పెడుతుందండీ. ఒక్కోసారి మూడు రోజులు ఆగుతుంది. అది దాని తత్వాన్ని బట్టి ఉంటుంది. దాన్ని తొందరపెట్టకూడదు..."

అలా మొదలైంది. మొదట ప్రతి వాక్యం చివరా నా ముఖం చూసుకుంటూ చెప్పాడు. పది వాక్యాలయ్యాక చూడడం మానేశాడు. తురాయి ఎర్రబడితే గుడ్డు దగ్గరపడ్డట్టని చెప్పాడు. వెలుతురు ఎన్ని గంటలుండాలో చెప్పాడు. గుంపులో ఎవరు ముందు తినాలో కోళ్లలో ఎలా తీర్మానం అవుతుందో చెప్పాడు. మా స్టాఫ్‌రూమ్‌లోనూ అంతే అన్నాను. ఈకలు రాల్చే కాలం గురించి, పెంకు పలచబడితే ఏం చెయ్యాలో, దగ్గులో రకాల గురించి చెప్పాడు. దగ్గులు అనుకరించి వినిపించాడు కూడా. నేను రెండు సందేహాలు అడిగాను. రెంటికీ సోదాహరణంగా జవాబిచ్చాడు. గంట దాటింది. ఎండ కాళ్ల మీది నుంచి మోకాళ్ల దాకా వచ్చింది. దగ్గుల్లో నాలుగో రకం దగ్గర నాకు ఆవలింత వచ్చింది. మీసం దిద్దుకుంటున్నట్టు చేత్తో కప్పేశాను. అయిదో రకం దగ్గర రెండోది వచ్చింది. దానికి మీసం చాలలేదు.

అల్లుడు టక్కున ఆగాడు. "విసుగ్గా ఉందాండీ?"

"లేదు లేదు, చెప్పు" అన్నాను. ముప్పై నాలుగేళ్లు వెనకబెంచీల నుంచి నేను విని, పూర్తిగా నమ్మిన ఆ అబద్ధాన్నే, కళ్లు పెద్దవి చేసుకుని, అదే గొంతుతో చెప్పాను.